బండి ఆగేదాకా చెప్పని కబురు

పార్సిల్ చట్నీ కవరుకి రబ్బరు బ్యాండు చుట్టేవాణ్ణి ఒక్కసారి ఎదురుగా కూర్చోబెట్టుకుని అడగాలని నాకు చాలాకాలంగా కోరిక. ఏం నాయనా, అందులో ఉన్నది పల్లీ చట్నీనా, బంగారమా? ఇడ్లీలు తెచ్చుకున్న ప్రతి పొద్దునా దాంతో నాకు కుస్తీయే. గోళ్ళతో రాదు. పళ్ళతో పీకుదామంటే మిగిలిన పళ్ళు అందుకు ఒప్పుకోవు. కత్తెర పెడితే సగం చట్నీ పంచె మీదే. ఆ రోజు జగ్గయ్యపేటలో మా అరుగు మీద కూర్చుని ఆ యుద్ధంలో ఉండగా నందిగామ నుంచి మా అబ్బాయి ఫోన్ చేశాడు.

“నాన్నా, అత్తయ్య పోయింది. తెల్లారినా లేవలేదేంటని వెళ్ళి చూస్తే… నిద్రలోనే.”

వాడికి అత్తగారంటే నాకు వియ్యపురాలు. హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన పంతులమ్మ. పిల్లల పెళ్ళి పందిట్లో మొదలుపెట్టి నిన్నమొన్నటిదాకా మేమిద్దరం ఒకరినొకరు ఏడిపించుకుంటూనే ఉన్నాం. అలాంటి మనిషి పోయిందంటే ఎవరైనా ముందు “అయ్యో” అంటారు. నా నోట్లోంచి ఆ మాట రాలేదు.

“పిల్లకి చెప్పారా?” అన్నాను.

“ఇంకా లేదు. ఇవాళ విమానం తీసుకుని బయల్దేరాలని నిన్న చెప్పింది. ఈలోగా ఫోన్ చేద్దామా అని…”

“చెయ్యకు. నేనొస్తున్నా. నేనొచ్చేదాకా ఎవర్నీ చెయ్యనివ్వకు. అది కిందికి దిగి, ఇంజను ఆపాక చెబుదాం.”

పిల్ల అంటే మా ఇద్దరికీ మనవరాలు. విమానం నడపడం నేర్చుకుంది. ముందురోజు తన చిన్న విమానాన్ని వేరే ఊళ్ళో దింపి, ఆ రోజు ఒక్కతే వెనక్కి నడుపుకు రావాలి. పక్క సీట్లో ఎవరూ ఉండరు. అమ్మమ్మ పోయిందని తెలిస్తే ఆగుతుందా? ఆగదు. త్వరగా ఇంటికి చేరాలని ఏడుస్తూనే ఎగురుతుంది. కళ్ళల్లో నీళ్ళు పెట్టుకుని ఆ మీటర్లన్నీ ఎలా చూస్తుంది?

లారీ తోలినవాళ్ళకి ఈ సంగతి ఎవరూ నేర్పక్కర్లేదు. నేను బతుకంతా ఈ హైవే మీదే తోలాను. ఇంట్లో ఎవరైనా పోతే దారిలో ఉన్న డ్రైవరుకి కబురు చెప్పకూడదన్నది మా కట్టుబాటు. బండి చేరాలి, ఇంజను ఆగాలి, మనిషి కిందికి దిగి టీ గ్లాసు చేత్తో పట్టుకోవాలి. అప్పుడు చెప్పాలి. సంగతి తెలిసిన దాబావాడు కూడా ఏమీ ఎరగనట్టు నవ్వుతూ అన్నం పెట్టి పంపేవాడు. ఒకసారి చిల్లకల్లు దగ్గర ఎవరో జాలిపడి ఒకడికి చెప్పేశారు. వాడు ఏడవలేదు. “సరే” అని బండెక్కాడు. వాడి బండి ఊరు చేరలేదు.

ఇడ్లీలు అలాగే వదిలేసి బస్సెక్కాను. చిల్లకల్లు వచ్చేసరికి నా కాళ్ళు వాటంతటవే బ్రేకు తొక్కుతున్నాయి. పక్కనున్నాయన “ఏం పెద్దాయనా, నువ్వే తోలుతున్నావా బస్సు?” అన్నాడు. వేరే రోజైతే వాడికి తగిన జవాబు దొరికేది.

మా వియ్యపురాలి గురించి చెప్పాలంటే ముందు ఆవిడ భయాల గురించి చెప్పాలి. లోకంలో ఆవిడ భయపడని వస్తువు సుద్దముక్క ఒక్కటే. కుక్కరు పొయ్యి మీద పెట్టి వీధి వరండాలోకొచ్చి నిలబడేది. పరిటాలలో హనుమంతుడి విగ్రహాన్ని తలెత్తి చూస్తే కళ్ళు తిరుగుతాయని బస్సులో ఆ పక్క కిటికీ దగ్గర కూర్చునేది కాదు. నందిగామ సెంటర్లో రోడ్డు దాటాలంటే గేదెలు తోలుకెళ్ళేవాడు వచ్చేదాకా కాచుకుని, వాటి మధ్యన నడిచి అవతలికి చేరేది. నేను చూసి పడీపడీ నవ్వాను.

“ఏం చెల్లెమ్మా, చదువు చెప్పిన టీచరమ్మవి, గేదెల్లో కలిసిపోయావేంటి?”

“మనిషిని చూస్తే ఎవడూ ఆపట్లేదన్నయ్యగారూ. గేదెని చూస్తే ఆపుతున్నారు. లారీ డ్రైవర్లేగా మీరంతా, మీకే తెలియాలి.”

ఆవిడకి బెదురు పంతులమ్మ అని పేరు పెట్టింది నేనే. నా చదువు ఎగతాళి చేసేది ఆవిడ. “అయిదో తరగతిలో ఏ బెంచీ మీదండీ మీరు ఎక్కువ కాలం కూర్చున్నది?” అని భోజనాల దగ్గర అందరి ముందూ అడిగేది. మా అబ్బాయి కాపురం ఆవిడ ఇంటి పక్కనే కాబట్టి, నా కొడుకుని ఇల్లరికం లాగేసుకుందని నేనూ ఊరంతా చాటేవాణ్ణి.

అయితే ఒక తేడా ఉంది. ఆవిడ తన భయాన్ని నలుగురిలోనూ చెప్పుకునేది. నేను నాది నవ్వుల కింద దాచేవాణ్ణి. “భయం పైకి చెప్పుకోవాలండీ అన్నయ్యగారూ. చెప్పనివాళ్ళకి కడుపులో ముదురుతుంది” అని ఒకసారి అంది. నేను దాన్నీ ఎగతాళి చేశాను.

పిల్ల విమానం సంగతి తెచ్చిన రోజు మేమంతా నందిగామ ఇంట్లోనే ఉన్నాం. సొంతానికి నడుపుకునే లైసెన్సు అప్పటికే వచ్చింది. ఉద్యోగం రావాలంటే ఇంకో పెద్ద లైసెన్సు కావాలి. దానికి ఇన్ని గంటలు గాల్లో ఉండాలని లెక్కట. విమానం నేర్పే స్కూల్లో విమానాలు తక్కువ, పిల్లలు ఎక్కువ. వంతు ఎప్పుడొస్తుందో తెలియదు.

“మా స్కూల్లో ముగ్గురం కలిసి ఒక పాత విమానం కొనుక్కుంటాం తాతయ్యా. గంటలు నిండాక మళ్ళీ అమ్మేస్తాం.”

“పాతదా? సెకండ్ హ్యాండా?”

“ఆ. రెండు సీట్లది.”

సెకండ్ హ్యాండ్ లారీలు కొన్నవాణ్ణి, అమ్మినవాణ్ణి. అమ్మేవాడు ఇంజనుకి ఏం పూసి ఏం దాస్తాడో నాకు తెలుసు. కొన్నాక మొదటి ఘాట్ రోడ్డు మీద అదెలా బయటపడుతుందో కూడా తెలుసు.

“లారీ చెడిపోతే రోడ్డు పక్కన ఆపి రాళ్ళు పెడతాం. అది చెడితే ఎక్కడ ఆపుతావే?”

“పొలంలో దింపుతా. అలా దింపడం నేర్పారు.”

“ఎవడి పొలంలో? మిరపతోటలో దింపావనుకో, నువ్వు బతికినా రైతు చంపేస్తాడు.”

అందరూ నవ్వారు. ఎలాగూ వియ్యపురాలు వద్దంటుందని నా ధైర్యం. పిల్ల వాటా డబ్బు సర్దగలిగింది ఆవిడే, పైగా కుక్కరుకే భయపడే మనిషి. ఆవిడ కళ్ళజోడు తీసి చీర చెంగుతో తుడుచుకుంది.

“ఇంజను ఆగిపోతే వెంటనే పడిపోతుందామ్మా?”

“లేదు అమ్మమ్మా. జారుకుంటూ మెల్లగా దిగుతుంది. ఎంత ఎత్తులో ఉంటే అంత టైముంటుంది.”

“దాన్ని ఎవరు చెక్ చేస్తారు?”

“ఇంజనీరు చూసి సంతకం పెట్టాలి. ఎక్కే ముందు ప్రతిసారీ నేనూ చుట్టూ తిరిగి చూస్తా.”

“నీకు భయమేస్తుందా?”

పిల్ల నా వైపు చూసింది. తర్వాత ఆవిడ వైపు చూసి “వేస్తుంది అమ్మమ్మా” అంది.

“అయితే కొను. వెయ్యదని చెప్పుంటే వద్దనేదాన్ని.”

నాకు కోపం వచ్చింది. “చెల్లెమ్మా, నీకు మతి పోయిందా?” అన్నాను. అది ఎగతాళి కాదని ఆవిడకి అర్థమైంది. “నాకూ భయమేనండీ. కానీ భయపడేవాళ్ళే బ్రేకులు చూసుకుంటారు. మీరే కదా చెప్పేవారు” అంది. నేనెప్పుడూ ఆ మాట చెప్పలేదు. తన మాటని నాకు అంటగట్టేసింది.

విమానం చూడ్డానికి సరిహద్దు దాటి తెలంగాణలోకి కారులో వెళ్ళాం. రేకుల షెడ్డు ముందు నిలబెట్టారు. ఇంత చిన్నదా! తోక దగ్గర పట్టుకుని ఇద్దరు ఆడపిల్లలు దాన్ని వెనక్కి నెట్టుకొచ్చేశారు. వేలితో కొడితే నూనెడబ్బాలా మోగింది. తలుపు బీరువా తలుపులా పడింది. లారీ అలవాటు కొద్దీ టైరుని కాలితో తన్నబోతే మనవరాలు “తాతయ్యా!” అని అరిచింది.

మా ఇంట్లో నేను అటూ ఇటూ మనిషిని. క్రిస్మస్‌కి చర్చికి వెళతాను, కొత్త బండి చక్రాల కింద నిమ్మకాయలూ పెడతాను. ఆ రోజు వియ్యపురాలు అందర్నీ కళ్ళు మూసుకోమని ప్రార్థన చేస్తుంటే, నేను ఒక కన్ను తెరిచి, జేబులోంచి నిమ్మకాయా మిరపకాయలూ గుచ్చిన దండ తీశాను. బంపరు కోసం వెతికాను. విమానానికి బంపరు లేదు. రెక్క కింద ఒక సన్న గొట్టం ముందుకి పొడుచుకొచ్చి ఉంది, దండ కట్టడానికే పెట్టినట్టు. మిరపకాయలు జారకుండా దాని మూతికి దారం గట్టిగా చుట్టేశాను.

ప్రార్థన అయ్యాక పిల్ల విమానం చుట్టూ తిరుగుతూ ఒక్కొక్కటీ చేత్తో తడిమి చూస్తోంది. ఆ గొట్టం దగ్గర ఆగిపోయింది.

“ఇది ఎవరు కట్టారు?”

నిమ్మకాయ నా వైపే చూస్తోంది.

“తాతయ్యా, ఇందులోకి గాలి వెళితేనే నాకు స్పీడు తెలిసేది. ఇది మూసుకుపోతే మీటరు తప్పు చూపిస్తుంది. తప్పు చూసుకుని దింపితే…” మిగతాది చెప్పకుండా దండ విప్పింది.

“దిష్టి తియ్యబోయి పిల్లనే తీసేసేవారండీ అన్నయ్యగారూ” అంది వియ్యపురాలు. మెల్లగానే అంది. నేను నవ్వబోయి, దండ తీసుకుని జేబులో కుక్కుకున్నాను. పిల్ల చూసుకోకపోయి ఉంటే? ఆ ఒక్క ప్రశ్న ఇప్పటికీ నన్ను వదల్లేదు.

అప్పుడు ఆవిడ చేసిన పని నాకు ఇంకా అర్థం కాదు. చెప్పులు సరిచేసుకుని, చెంగు బొడ్లో దోపి, విమానం దగ్గరికి నడిచింది.

“తలుపు తియ్యమ్మా. నేనూ వస్తా.”

“అమ్మమ్మా, నీకు భయం కదా!”

“ప్రాణం పోయేంత భయం. అయినా మా అందరి మొహాలూ చూడు. ఇవి తల్చుకుంటూ ఒక్కదానివే పైకెళితే నీ చెయ్యి కుదురుగా ఉండదు. పక్కన ఒకరుండాలి.” నా వైపు తిరిగి “మీరెక్కుతారా అన్నయ్యగారూ?” అంది.

“మోకాలి నొప్పి చెల్లెమ్మా” అన్నాను.

విమానం పరిగెత్తి లేచింది. ఒక తెల్ల చుక్కయింది. తర్వాత చుక్క కూడా లేదు. నేను షెడ్డు గోడకి ఆనుకుని నేల మీద కూర్చుండిపోయాను. నా మనవరాలు, నా కోడలి తల్లి, ఇద్దరూ ఆ నూనెడబ్బాలో ఉన్నారు. చాలాసేపటికి శబ్దం వినిపించింది. దిగుతోంది, దిగుతోంది, ఇంక చక్రాలు తగులుతాయనగా ఒక్కసారి ఇంజను గట్టిగా అరిచి మళ్ళీ పైకి లేచిపోయింది. నేను కళ్ళు మూసుకున్నాను. ఎవరో “గేదెలు, గేదెలు!” అని కేకలేస్తూ పరిగెత్తారు. అవి రన్‌వే దాటి పోయాక విమానం తిరిగొచ్చి దిగింది.

పిల్ల చెయ్యి పట్టుకుని వియ్యపురాలు దిగింది. మొహంలో రక్తం లేదు. జుట్టంతా చెదిరిపోయింది. అయినా నన్ను వెతుక్కుంటూ వచ్చింది.

“గేదెలకి ఈసారి మేమే ఆగామండీ” అంది. ఊపిరి తీసుకుని, “పైనుంచి మీరు చాలా చిన్నగా కనిపించారన్నయ్యగారూ. అసలు సైజులో” అంది.

ఆ రోజు నుంచి ఒక పద్ధతి పెట్టింది. మన వైపు ఎవరు ఊరికి బయల్దేరినా “దిగాక మిస్డ్ కాల్ ఇవ్వు” అంటాం కదా, దానికి ఆవిడ ఇంకొకటి కలిపింది. పిల్ల విమానం ఎక్కేముందు ఒక మిస్డ్ కాల్ ఇవ్వాలి. ఆవిడ ఎక్కడున్నా కళ్ళు మూసుకుని ప్రార్థన చేసి, తిరిగి ఒక రింగు ఇస్తుంది. అది వచ్చాకే పిల్ల ఇంజను స్టార్ట్ చేస్తుంది. దిగాక మళ్ళీ పిల్ల నుంచి ఒక రింగు. ఎవరూ ఎత్తకూడదు, మాట్లాడకూడదు. “మాట్లాడితే నా గొంతు వణుకు దానికి అంటుకుంటుందండీ” అనేది. పిల్ల దిగిందని తెలియగానే ఆవిడ నాకూ ఒక రింగు ఇచ్చేది. నాకెందుకు, నాకేం భయమా అని కసురుకునేవాణ్ణి. కానీ పిల్ల ఎగిరే రోజున ఆ రింగు వచ్చేదాకా స్నానానికి కూడా వెళ్ళేవాణ్ణి కాదని ఆవిడకి తెలుసు.

బస్సు దిగి నేను నందిగామ ఇంటికి చేరేసరికి ఆవిడని ముందు గదిలో అద్దాల పెట్టెలో పడుకోబెట్టారు. ఎప్పుడూ లేనంత నిబ్బరంగా ఉంది మొహం. నేను దగ్గరికి వెళ్ళి “ఏం చెల్లెమ్మా” అని మాత్రం అనగలిగాను. జవాబు రాకపోవడం అదే మొదటిసారి.

కోడలు నా చెయ్యి పట్టుకుంది. “మామయ్యగారూ, దానికి అమ్మమ్మంటే ప్రాణం. చెప్పకపోతే మమ్మల్ని జన్మలో క్షమించదు.”

“తిట్టుకోనివ్వమ్మా. తిట్టడానికి ముందు కిందికి దిగాలిగా.”

ఆ మాటకి కోడలు ఏడుపు ఆపుకుని తలూపింది. అంతలో చుట్టాల కుర్రాడొకడు ఫోనుతో పెట్టె ఫోటో తీస్తున్నాడు.

“ఏం చేస్తున్నావురా?”

“స్టేటస్ పెడుతున్నా పెదనాన్నా. అందరికీ తెలియాలిగా.”

“ఆ అందరిలో నా మనవరాలు లేదట్రా! తియ్యి ముందు!”

వాడు బిక్కచచ్చిపోయి తీసేశాడు. అప్పుడు నాకు అసలు భయం మొదలైంది. గదిలో ఎన్ని ఫోన్లు! ప్రతి చేతిలో ఒకటి. ఆ రోజుల్లో దాబావాణ్ణి ఒక్కణ్ణి బతిమాలితే సరిపోయేది. నేను గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని, వచ్చిన ప్రతివాళ్ళకీ దండం పెట్టి, పిల్ల దిగేదాకా ఎవరికీ ఏమీ పంపొద్దని చెప్పాను. నన్ను ఎప్పుడూ నమ్మనివాళ్ళు కూడా ఆ రోజు నా మొహం చూసి నమ్మారు.

వియ్యపురాలి బటన్ల ఫోను కిటికీలో ఉంది. ఏడుపుల మధ్య అది ఒక్కసారి మోగి ఆగింది. పిల్ల ఎక్కబోతోంది. నేను తప్ప ఎవరూ విన్నట్టు లేరు. ఫోను జేబులో వేసుకుని పెరట్లోకి వెళ్ళి, కాసేపటికి వచ్చి మళ్ళీ గుమ్మం దగ్గర కూర్చున్నాను.

ఆ తర్వాత ఎంతసేపో నాకు తెలియదు. పాస్టరుగారు వచ్చారు, పాట పాడారు. ఫ్యాను చప్పుడు కూడా ఇంజనులాగే వినిపించింది. ఆకాశంలో ఒక మబ్బు కనపడితే దాన్నీ తిట్టుకున్నాను. నా దండ లాంటిది ఎవరైనా ఆ గొట్టానికి కట్టారేమో, రన్‌వే మీదికి ఏ గేదె వస్తుందో, ఏ తలమాసినవాడు “అయ్యో పాపం” అని మెసేజ్ పెట్టాడో. జేబు మీద చెయ్యి తియ్యలేదు.

మోగింది. ఒక్క రింగు. ఆగింది.

అబ్బాయి వైపు చూసి తలూపాను. కాసేపు ఆగి నా ఫోను నుంచి పిల్లకి చేశాను.

“దిగావా అమ్మడూ?”

“దిగా తాతయ్యా. అమ్మమ్మకి రింగిచ్చా, నీకు చెప్పలేదా?”

“ఇంజను ఆపావా?”

“ఆపా.”

“చక్రాలకి అడ్డం పెట్టావా?”

“పెట్టా. ఏంటి, ఇవాళ అమ్మమ్మలా అడుగుతున్నావ్?”

“వెళ్ళి నీడలో కూర్చో నాన్నా. కూర్చుని నీళ్ళు తాగు.”

అటు నుంచి సీసా మూత తీసిన చప్పుడైంది. తర్వాత చిన్న గొంతుతో, “ఎవరు తాతయ్యా?” అంది.

చెప్పాను. ఏడ్చింది. ఏడ్చినంతసేపూ వింటూ కూర్చున్నాను. ఆఖరికి అడిగింది.

“పొద్దున నాకు రింగిచ్చింది తాతయ్యా. ఇచ్చాకే పోయిందా?”

“ఆ. ఇచ్చాకే.”

తర్వాత జ్ఞాపకార్థ ప్రార్థనలో పిల్ల లేచి నిలబడి, అమ్మమ్మ ఈ లోకంలో చేసిన ఆఖరి పని తన కోసం ప్రార్థన చెయ్యడమేనని చెప్పింది. ఆ రింగు ఏ వేళకి వచ్చిందో తెలియని వాళ్ళందరూ ఆమెన్ అన్నారు. నేను కూడా అన్నాను, నేల చూస్తూ.

ఇప్పుడు పిల్లకి గంటలు నిండాయి. ముగ్గురూ విమానాన్ని ఇంకెవరో పిల్లలకి అమ్మేశారు. కాబట్టి చెప్పేస్తున్నాను. ఇది చదివి నా మీద ఎగిరినా ఫర్వాలేదు, నేల మీదే ఎగురుతుంది. అమ్మడూ, ఆ పొద్దున నీకు వచ్చిన రింగు మీ అమ్మమ్మది కాదు. మీ తాతది. జీవితంలో అందరి మీదా బోలెడు కొంటెపనులు చేశాను. ఇంత చిన్నది, ఇంత వణుకుతూ చేసింది, ఇదొక్కటే. రింగు రాకపోతే నువ్వు మళ్ళీ చేసేదానివి, ఎవరో ఒకరు ఎత్తితే ఇంట్లో ఏడుపులు వినేదానివి. అందుకని పెరట్లో నిలబడి, ఆవిడలాగే కళ్ళు మూసుకున్నాను. నాకు ప్రార్థన రాదు. “అయ్యా, బండి ఆగేదాకా చూసుకో. నాకు చాలా భయంగా ఉంది” అన్నాను. ఆ మాట పైకి అనడం నాకదే మొదలు. బటన్ నొక్కి, ఒక్క రింగు కాగానే ఆపేశాను.

కళ్ళు తెరిస్తే ఎదురుగా తీగ మీద ఆవిడ నీలం అంచు చీర ఆరేసి ఉంది. ముందురోజు సాయంత్రం తనే ఉతుక్కుని, గాలికి పోకుండా రెండు వైపులా క్లిప్పులు పెట్టింది. పట్టుకుని చూశాను. మడత దగ్గర ఇంకా తడిగానే ఉంది.